తడి ఆరని ట్రాకు

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. కిటికీలోంచి ఎండ వచ్చి గచ్చు మీద పడుతోంది. వెనక గదిలో వదిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ముఖం మాడ్చుకుని తెర వంక చూస్తోంది. పక్కనే కుర్చీలో మరిది. అది మామూలు కుర్చీ కాదు. పాత కారులోంచి ఊడబెరికిన సీటును చెక్కకు బిగించి, ముందు స్టీరింగూ కింద పెడళ్లూ అమర్చుకున్నాడు ఆవిడ మొగుడు. తెర మీద కార్ల రేసు ఆట ఆడుతూ ఆడుతూ అందులోనే గుండె ఆగి పోయాడా మహానుభావుడు. అన్నానికి పిలిచినప్పుడల్లా "ఇంకొక్క రౌండే" అనేవాడు. ఆ ఒక్క రౌండు కోసం ఎదురుచూడ్డంలోనే ఆవిడ కాపురం కాస్తా తెల్లారిపోయింది.

ఆయన పోయాక మరిది ఎక్కాడు ఆ కుర్చీ. ఉద్యోగం మానేశాడు. బుగ్గలు పీక్కుపోయి, మనిషి సగమయ్యాడు. "అన్న సగంలో వదిలేసిన పోటీ ఇదొక్కటే వదినా. ఇది పూర్తి చేయనీ. తర్వాత కుర్చీ నువ్వే తీసుకెళ్లి పారేయ్," అని ఒట్టేశాడు. మిగిలిన ఈ ఒక్క మనిషైనా దక్కితే చాలనుకుని ఆవిడ సరేనంది.

వీళ్ల ఆటలో ఒక పద్ధతుంది. నడిపేవాడు దారి మాత్రమే చూడాలి. పక్కన కూర్చున్నవాళ్లు మబ్బూ తడీ చూసి ఏ టైర్లు వేయాలో చెప్పాలి: తడికి గాడులున్నవి, పొడికి నున్నటివి. చెప్పాక ఎదురు ప్రశ్న లేదు. అన్నదమ్ములు అలాగే ఆడేవారు. వినీ వినీ ఆవిడకీ ఒంటబట్టింది ఆ విద్య, ఖర్మ కాకపోతే!

ఆటలో వాన పడుతోంది. "రోజూ వెళ్లే దారిన పోకు, అక్కడ రబ్బరు పట్టి జారుతుంది. తెల్ల గీతలు తొక్కకు. బ్రేకు ముందే వెయ్యి," అంది. కాసేపటికి వాన వెలిసింది. కార్లు తిరిగిన చోట ట్రాకు ఆరి చార కనిపిస్తోంది.

"ఇక గాడుల టైర్లు కాగిపోతాయి. టైర్లు మార్చే షెడ్డు లోపలికి రా, నున్నటివి వేసుకో."

కారు మలుపు దాటి తిన్నగా వెళ్లిపోయింది.

"చెవుడా నీకు? రమ్మంటుంటే!"

"అన్న ఆగమంటున్నాడు," అన్నాడు మరిది మెల్లగా. "ఇంకొక్క రౌండట."

ఆవిడకి ఒళ్లు మండింది. "వేళాకోళమా?" అంటూ అతని హెడ్‌ఫోన్ ఒక పక్కకి లాగి చెవి ఆనించింది.

ముందు వాన చప్పుడు. దాని వెనక ఎవరిదో ఊపిరి. తర్వాత... ఆ గొంతు.

"నీళ్లున్న చోట పోనీరా... టైర్లు చల్లబడతాయి... ఇంకొక్క రౌండు."

గదిలో తడి తారు వాసన వేసింది. తెర మీద 'చివరి రౌండు' అని పడింది. కారు గీత దాటింది. మళ్లీ 'చివరి రౌండు' అనే పడింది. మిగతా కార్లు ఒక్కటీ లేవు. వాన మొదలైంది... ఆగింది... మళ్లీ మొదలైంది. మరిది పెదాలు నల్లబడుతున్నాయి. చేతులు లాగి చూసింది. స్టీరింగుకు అతుక్కుపోయినట్టు ఉన్నాయి, రాలేదు.

ప్లగ్గు పీకేసింది. తెర ఆరలేదు.

"చచ్చి కూడా సాధిస్తున్నావా నన్ను?" అని అరిచింది.

"దాని మాట వినకురా," అంది హెడ్‌ఫోన్‌లోంచి గొంతు. చచ్చాక కూడా తమ్ముడితోనే మాట! ఆవిడకి భయం కంటే కడుపుమంటే ఎక్కువైంది.

రేసు పూర్తి కానివ్వడు. సరే, కారే లేకపోతే? తెర మీద కుండపోత. ఆవిడ వంగి మరిది చెవిలో గుసగుసగా చెప్పింది.

"లోపలికి రా. నున్నటి టైర్లు వేసుకో."

"ఈ వానలోనా... వదినా?"

"చెప్పాక ఎదురు లేదు."

అతని కళ్లలోంచి నీళ్లు కారాయి. అయినా కారు లోపలికి తిప్పాడు. టైర్లు మారాయి. బయటికొచ్చింది. మొదటి మలుపు... చక్రాలు పట్టు తప్పాయి. గిర్రున తిరిగింది. గోడ.

తెర చీకటైంది.

మరిది చేతులు ఒళ్లోకి జారిపోయాయి. హెడ్‌ఫోన్ కింద పడింది. ఆవిడ అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఉంది! "అయిపోయింది నాయనా, లే... అంతా అయిపోయింది," అంటూ ఏడ్చేసింది.

అతను కళ్లు తెరిచాడు. చాలా కాలం ఊళ్లో లేని మనిషిలా గదంతా కలియజూశాడు. వేళ్లు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు.

"ఏమే," అన్నాడు. "కాసిని మంచినీళ్లు తే."

మరిది ఏనాడూ ఆవిణ్ణి అలా పిలవలేదు. ఆవిడ గోడకి అంటుకుపోయింది.

కింద హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా ఏడుపు వినిపిస్తోంది.

"వదినా... ఇక్కడ మళ్లీ వాన మొదలైంది... ఏ టైర్లు వేసుకోను?"