గాలిలో గీసిన చేప

"నా తోట ఎందుకు పీకినవ్?" లంచ్ బెల్లు కొట్టగానే వైదేహి వచ్చి అడిగింది.

అమల చేతిలో ముద్ద ఆగిపోయింది. "నేనా? నేనేం పీకలే."

"పీకినోళ్ల పేరు కాడ నీ పేరే ఉన్నది." వైదేహి తన డబ్బా తీసుకుని వేరే బెంచీకి వెళ్లిపోయింది.

ఆ తోట నేల మీద లేదు. హెడ్‌సెట్ పెట్టుకుంటేనే కనిపిస్తుంది. అమల వాళ్ల చిన్నమ్మ స్వరూప యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తూ పిల్లల కోసం అలాంటి లోకం ఒకటి తయారుచేసింది. తార్నాకలో కొందరు పిల్లలకు హెడ్‌సెట్లు ఇచ్చింది. లోపలికి వెళ్లాలంటే ఎవరి రహస్య గుర్తు వాళ్లు వేలితో గాలిలో గీయాలి. అమలది చేప. ఆ లోకంలో వైదేహి తోటే అందరికంటే అందంగా ఉండేది. శనివారం వేరే స్కూళ్ల పిల్లలు దాన్ని చూడటానికి వస్తున్నారు.

ఏం జరిగిందో అమలకు అర్థమైపోయింది. పక్కింటి సారమ్మ ఆంటీ కొడుకు అభిషేక్ నిన్న బతిమాలాడు. మన అమల ఎవరు అడిగినా కాదనలేదు. హెడ్‌సెట్ ఇచ్చి, చేప గీయడం కూడా నేర్పింది.

సాయంత్రం అడిగితే అభిషేక్ తల వంచుకున్నాడు. "ఊరికే లాగి చూశాను. మొక్కలన్నీ వచ్చేస్తాయనుకోలేదు."

అమల అమ్మను వెంటబెట్టుకుని క్యాంపస్‌లో చిన్నమ్మ ల్యాబ్‌కు పోయింది. జరిగిందంతా చెప్పింది.

"నా పేరు తీసెయ్యవా చిన్నమ్మా? పీకింది నేను కాదు కదా."

"అది నా చేతిల లేదు బిడ్డా. ఎవరి గుర్తు గీస్తే వాళ్ల పేరే పడ్తది, దాన్ని నేను గూడ మార్చలేను. అందరి గుర్తులు నా దగ్గరే పెట్టుకుంటే, ఒక్క దొంగ వస్తే చాలు, అందరివీ పోతయి. అందుకే ఎవరిది వాళ్ల హెడ్‌సెట్‌లనే ఉంటది."

అంత పెద్ద లోకం కట్టిన మనిషి ఎవరి తాళమూ తన దగ్గర ఉంచుకోలేదు. ఏడుపు వస్తున్నా అమలకు చిన్నమ్మ చాలా గొప్పగా అనిపించింది.

"మరి ఊరికి పోతే మనింటి తాళంచెవి సారమ్మ ఆంటీకి ఇచ్చిపోతం కదా?"

"ఆంటీ తలుపు తీస్తది. మీ అమ్మ అయిపోదు. నీ గుర్తు గీసి అభిషేక్ నువ్వే అయిపోయిండు."

చేప ఇంకొకరికి తెలిసిపోయింది కాబట్టి ఇక పనికిరాదు. కొత్త గుర్తు కావాలంటే, మొదటిరోజు అమల ఎంచుకున్న ముగ్గురు స్నేహితులూ "ఈమె అమలే" అని ఒప్పుకోవాలి. ఇద్దరు ఆ రాత్రే ఒప్పుకున్నారు. మూడో స్నేహితురాలు వైదేహి. ఆమె కాదంటే శనివారం అమల బయటే.

మర్నాడు అమల ఆ వేరే బెంచీ దగ్గరికి వెళ్లింది.

"పీకింది అభిషేక్. కానీ గుర్తు నేర్పింది నేనే. తప్పు నాది. నువ్వు ఒప్పుకోకున్నా సరే, నీకు చెప్పాలనిపించింది."

వైదేహి డబ్బా మూసుకుని లేచి వెళ్లిపోయింది. సాయంత్రం మాత్రం హెడ్‌సెట్ పెట్టుకుని, "ఈమె అమలే" అని ఒప్పుకుంది. తర్వాత ఫోన్ చేసింది. "తప్పు నాదని నువ్వు గాక ఇంకెవరు చెప్తరు? దా, మొక్కలు పెడుదాం."

శనివారానికి తోట మళ్లీ పచ్చగా అయింది. ఆ రోజు అభిషేక్‌కు కూడా సొంత హెడ్‌సెట్ దొరికింది.

"అమలా, నా గుర్తు చూడు, భలే ఉంటుంది" అని వేలు పైకెత్తాడు.

చూడాలని అమలకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. అయినా గోడవైపు తిరిగి, రెండు చేతులతో కళ్లు గట్టిగా మూసుకుంది.

"గీసినంక చెప్పు" అంది.