రెండో సాక్షి

శనివారం ఉదయం ఏడు గంటలకు ఒడెస్సా గ్యాస్కిన్స్ వంటింట్లో మొక్కజొన్న జావ కలుపుతోంది. ప్రతి శనివారం లాగే పక్క పొయ్యి మీద చేపముక్కలు వేగుతున్నాయి. కిటికీ కింద గదిని వెచ్చబరిచే ఆవిరి గొట్టం టకటకమని కొట్టుకుంటోంది. చూసేవాళ్ళకు ఆ ఇంట్లో ఏ తేడా కనిపించదు. గరిటె మాత్రం గిన్నె అంచుకు తగిలి ఆగకుండా చప్పుడు చేస్తోంది.

పదకొండింటికి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలి. గురువారం ఇద్దరు డిటెక్టివ్‌లు వచ్చి, పందొమ్మిదేళ్ళ ఆమె కొడుకు జబారి పాడిన ర్యాప్ పాట క్యాసెట్ బల్ల మీద పెట్టారు. తొమ్మిది రోజుల క్రితం, మార్చి పద్నాలుగున, వీధి చివరి కొట్టు గుమ్మంలో ఎర్ర కోటు వేసుకున్న యువకుణ్ణి ఎవరో కాల్చి చంపారు. క్యాసెట్‌లోని పాటలో కొట్టు ఉంది, గుమ్మం ఉంది, ఎర్ర కోటు ఉంది. ‘నేనే కాల్చాను’ అన్న మాటా ఉంది. పెద్ద డిటెక్టివ్ ఆ నాలుగు వరుసలను టైపు చేయించి మరీ తెచ్చాడు.

"గొంతు నీదేనా బాబూ?"

"నాదే. కానీ అది పాట సార్."

"పాటో, నేరం ఒప్పుకోవడమో శనివారం తేల్చుకుందాం."

నవలాకారుడు హంతకుడి నోట మాట్లాడితే సభ పెట్టి శాలువా కప్పుతారు. బ్రాంక్స్‌లో నల్లపిల్లవాడు అదే పని చేస్తే వాంగ్మూలం అంటారు. ఆ క్యాసెట్లే నది దాటి, పచ్చిక బయళ్ళున్న ఇళ్ళకు చేరి, అక్కడి పిల్లల గదుల్లో మోగుతాయి. ఆ పిల్లల తలుపులు ఏ డిటెక్టివూ తట్టడు. ఒడెస్సాకు ఇదంతా తెలుసు. బడి గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి. కానీ భయం చదువును లెక్కచెయ్యదు. ఆ ఉదయం ఆరింటికి, కొడుకు నిద్రలో ఉండగా, ఆమె ఒక పని చేసింది.

"అమ్మా, నా నోట్‌బుక్ చూశావా?" గుమ్మంలో జబారి నిలబడ్డాడు. "నలుపూ తెలుపూ చారల అట్టది. దిండు కిందే ఉండాలి."

"ముందు తిను. జావ చల్లారిపోతుంది."

"అమ్మా, మన కేసు చూసే లాయరమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది. పాట ఎప్పుడు రాశానో రుజువుంటే వెంట తెమ్మంది. ఆ నోట్‌బుక్‌లో ఉంది."

గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏ రుజువు?"

వెనకనుంచి భర్త క్లిఫ్టన్ వచ్చాడు. ఇప్పుడతను బస్సుల మరమ్మతు షెడ్డులో మేస్త్రీ. ఇరవై ఏళ్ళ క్రితం పార్కులో దీపస్తంభం నుంచి కరెంటు తీగ లాగి, రెండు రికార్డు ప్లేయర్లు పెట్టి, పేటంతటినీ ఆడించినవాడు.

"ప్రతి పేజీ పైన తేదీ, కింద నా సంతకం ఉంటాయి" అన్నాడు. "అప్పట్లో నా పాట వరుసల్ని నా జట్టువాడే దొంగిలించి తనవని పాడుకున్నాడు. కాగితం లేక నోరు మూసుకున్నాను. ఒకడి మాట ఇంకొకడు కాజెయ్యడం పాట కట్టే మాలో అన్నిటికన్నా నీచం. అందుకే వీడికి చిన్నప్పుడే నేర్పాను. రాసిన రోజే తేదీ వెయ్యి, సాక్షి సంతకం పెట్టించుకో అని. ఆ పాట జనవరిది. హత్య మార్చిలో జరిగింది. అర్థమైందా? ఎక్కడుంది ఆ పుస్తకం?"

ఒడెస్సా పొయ్యి ఆర్పింది. కుర్చీలో కూలబడింది.

"నేలమాళిగలోకి పోయే చెత్త గొట్టంలో వేశాను."

క్లిఫ్టన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"పోలీసులకు దొరికితే ఇంకెన్ని ‘నేను’లు పట్టుకుంటారోనని..." ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "అసలు ఇదంతా నీవల్లే క్లిఫ్టన్! పార్కుల్లో రికార్డులు తిప్పిన నీ రోగం వీడికి అంటించావు!"

"రోగమా? ఆ రికార్డుల మోతకే కదా నువ్వు మూడో అంతస్తు కిటికీలోంచి సగం బయటికి వేలాడింది?"

"గోల ఆపమని అరవడానికి!"

"మరి కిందికి దిగొచ్చి రెండు గంటలు ఎగిరావేం?"

"ఆపండి!" జబారి అరవలేదు, మెల్లగానే అన్నాడు. అందుకే ఇద్దరూ ఆగారు. "అమ్మా, ఒక్కటి చెప్పు. పారేసేముందు చదివావా?"

ఫలానా పుస్తకం పిల్లల్ని పాడుచేస్తుంది, అరలోంచి తీసెయ్యండని వచ్చిన ప్రతి తల్లినీ, ప్రతి తండ్రినీ, ఒకసారి పాస్టర్‌ను కూడా, ఆమె ఇదే ప్రశ్న వేసి వెనక్కి పంపింది. ‘మీరు చదివారా?’ ఇరవై ఆరేళ్ళు అడిగిన ప్రశ్న ఇవాళ తన కొడుకు నోటినుంచి తనకే వచ్చింది.

ముగ్గురూ మెట్ల మీదుగా నేలమాళిగలోకి పరుగెత్తారు. కట్టడం చూసుకునే కిన్యోనెస్ నల్లసంచుల మూతులు కడుతున్నాడు.

"ఏం పోయింది సెన్యోరా? ఉంగరమా?"

"పుస్తకం."

"పుస్తకం కోసం చెత్తలోకా! ఇరవై నిమిషాల్లో లారీ వచ్చేస్తుంది. కానివ్వండి మరి."

ఒడెస్సా మోకాళ్ళ మీద కూర్చుని వట్టి చేతులతో సంచులు చించింది. కాఫీ పిప్పి, కోడి ఎముకలు, పసిపిల్లల గుడ్డలు. పైన వీధిలో లారీ మోత వినిపించగానే ఇంకో సంచి లాక్కుంది. కొడుకు జీవితం ఒక సంచిలో ఉంది, ఏ సంచిలోనో తెలియదు, అందులో వేసింది తనే. తొమ్మిదో సంచిలో చారల అట్ట కనిపించింది. ఒక మూల తడిసింది. కుట్టు ఊడలేదు.

పాట ఉన్న పేజీ పైన జనవరి ఇరవై ఒకటి. సిరా అలాగే ఉంది. కింద క్లిఫ్టన్ వంకర సంతకం. దాని కింద ‘రెండో సాక్షి’ అని రాసి, పక్కన ఖాళీ గీత. ఆమె వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. ప్రతి పేజీలోనూ అదే ఖాళీ గీత.

"ఇది ఎవరికోసం వదిలావు?"

"ఎవరికోసమనుకుంటున్నావు?" అన్నాడు జబారి, నేల చూస్తూ.

అప్పుడు ఆమె చదివింది. కొట్టు, గుమ్మం, ఎర్ర కోటు. ఆ తర్వాత డిటెక్టివ్ టైపు చేయించని వరుసలు. నేలమీద పగిలిన పాలసీసా. నెత్తురును వాసన చూసి పాల దగ్గరికి వెళ్ళిన మూడుకాళ్ళ పిల్లి. తల్లి చెయ్యి పట్టుకుని నిలబడి, చంపినవాడి కళ్ళలోకి చూస్తున్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు.

పాలసీసా ఆమె చేతిలోంచే జారింది. పదేళ్ళ క్రితం, అదే గుమ్మంలో ఇంకో ఎర్ర కోటు కుర్రాణ్ణి కాల్చినప్పుడు. ఆ రోజు కొడుకును ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చి, తలుపు గొళ్ళెం పెట్టి, చెవిలో చెప్పింది. ‘నువ్వేమీ చూడలేదు. ఏమీ వినలేదు.’ పోలీసులు అడిగితే, మేమిద్దరం ఇంట్లోనే ఉన్నామంది.

"వాడు ఏమనుకుని కాల్చాడో తెలియక నాకు నిద్రపట్టేది కాదమ్మా. నీతో అనకూడదు కదా. అందుకే వాడిలో దూరి ‘నేను’ అని రాశాను. పిల్లవాణ్ణి చూశాక మళ్ళీ కాల్చడానికి వాడికి చెయ్యి ఆడలేదని రాశాను. నిజమో కాదో తెలియదు."

క్లిఫ్టన్ జేబులోంచి కలం తీశాడు. "తండ్రి సంతకం ఒక్కటే అంటే నమ్మరు ఒడెస్సా. నువ్వు కూడా పెట్టు. సిరా ఎప్పటిదో ఎవరికి తెలుస్తుంది?"

ఆమె కలం అందుకుంది. ఆ గీత మీద పెట్టబోయి ఆగింది.

"జనవరిలో చదవని దానికి ఇప్పుడు సంతకం పెడితే దొంగ సాక్ష్యం అవుతుంది. ఒకసారి అబద్ధం చెప్పాను, చాలు. ఈ పేజీకి నేను సాక్షిని కాను. పేజీలో ఉన్నదానికి సాక్షిని."

"పోలీసులకు అబద్ధం చెప్పానని నీ నోటితో నువ్వే చెప్తావా? వాళ్ళు నిన్ను పట్టుకుంటే?" అన్నాడు క్లిఫ్టన్.

"పట్టుకోనీ" అంది.

పదకొండింటికి స్టేషన్‌లో పెద్ద డిటెక్టివ్ ఆమెను బయట కూర్చోమన్నాడు. లాయరమ్మ నోట్‌బుక్ బల్ల మీద పెట్టింది. ఒడెస్సా కదల్లేదు.

"మీరు ఈ పాట మొత్తం చదివారా?"

"కావలసినంత చదివామమ్మా."

"అంటే చదవలేదు. నేను చదువుతాను, కూర్చోండి. అయ్యాక 1986లో మీ శాఖకు నేను చెప్పిన అబద్ధం రాసుకోండి. ఈ పాటలో ఉన్న హత్య అప్పటిది. చనిపోయిన అబ్బాయి పేరు మీ పాత కాగితాల్లో ఉంటుంది. చంపినవాడి ముఖం నాకిప్పటికీ గుర్తుంది."

డిటెక్టివ్ లాయరమ్మ వైపు చూశాడు. తర్వాత తేదీ చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఒడెస్సా చదవడం మొదలుపెట్టింది. బడిలో పిల్లలకు చదివినట్టే, ఒక్క మాట మింగకుండా, నిదానంగా చదివింది. పాలసీసా పగిలిన వరుస దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. అప్పుడు పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిలో దూరింది. పెద్ద చెయ్యి, గరుకు చెయ్యి, కానీ పట్టు మాత్రం పదేళ్ళ క్రితం కొట్టు గుమ్మంలో ఉన్నదే.

ఆమె పుస్తకంలోంచి తలెత్తి కొడుకు వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"నువ్వు చూశావు కన్నా" అంది, అందరికీ వినబడేలా. "నేనూ చూశాను."