అద్దం ఫ్రేము రంగు

"దీని మీద సాండ్‌పేపర్ పెట్టిందెవరండీ?"

పాలిష్ పని చేసే అమ్మాయి బాత్రూమ్‌లో అడుగుపెట్టగానే అన్న మొదటి మాట అది. తానేనని ఒప్పుకోక తప్పలేదు లెక్కల మాస్టారికి. హోంవర్క్ చేయని పిల్లల్ని నిలబెట్టే మనిషి, ఆ సాయంత్రం తన ఇంట్లోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సంగతేమిటంటే, సింకు కింద అల్మరా కొత్తది. పాలిపోయిన రంగు. పక్కనున్న అద్దం ఫ్రేమూ, తువ్వాళ్ల బీరువా ముదురు గోధుమ రంగువి. వాటి మధ్య ఇది పిలవని చుట్టంలా ఉందని మాస్టారి అమ్మ రోజూ సణిగేది. ఆవిడ కూతురింటికి వెళ్లింది, ఆదివారం వస్తుంది. ఈలోగా రంగు కలిపేసి అమ్మని ఆశ్చర్యపరుద్దామని మాస్టారే పనికి దిగాడు. వెనీర్ అంటే చెక్క మీద అతికించిన, కాగితమంత పల్చటి పొర అని ఆయనకి తెలియదు. ఒక మూల రుద్ది రుద్ది ఆ పొరని కాస్తా తినేశాడు.

ఆ మూలకి అతుకు వేస్తానందామె. మూడు వెనీర్ ముక్కల మీద మూడు రంగులు పూసి, ఫ్రేముకి ఏది కలిసిందో చెప్పమంది. మాస్టారు ఇటుక రంగుది చూపించాడు. ఆమె మర్నాడు మళ్లీ రంగులు కలుపుకొచ్చింది. ఈసారి అన్నీ బాగున్నాయన్నాడు. మూడో రోజు కావాలనే బీట్‌రూట్ లాంటి ఎరుపు పూసిన ముక్క పెట్టింది. అతికినట్టు సరిపోయిందన్నాడు.

ఆమె బ్రష్ కింద పెట్టేసింది.

"ఏం చూపించినా బాగుందంటున్నారు. నన్ను ఎంత తొందరగా పంపించేద్దామా అని చూస్తున్నారా మాస్టారూ?"

మూడు రోజులుగా స్కూలు గంట కొట్టగానే మాస్టారు ఎవరి కోసం ఇంటికి పరిగెత్తుకొస్తున్నాడో ఆమెకేం తెలుసు.

"నాకు ఎరుపుకీ, ఆకుపచ్చకీ, గోధుమ రంగుకీ తేడా తెలియదండీ. పుట్టుకతోనే అంత. చిన్నప్పుడు చెట్టు బొమ్మకి ఎర్రటి ఆకులు వేశానని క్లాసంతా నవ్వారు. మీరూ నవ్వుతారేమోనని..."

ఆమె నవ్వలేదు. ఆ ఎర్ర ముక్క పెట్టినందుకు తనే సిగ్గుపడి, దాన్ని తీసి సంచిలో దాచేసింది. ఎరుపు సంగతి తను చూసుకుంటానని, ముదురూ లేతా మాత్రం ఆయన్ని చెప్పమంది.

అందులో మాస్టారివి డేగ కళ్లు. అతుకు ఒక పిసరు ముదిరిందనీ, దాని మీద చెక్క గీతలు వంకరపోయాయనీ ఆమె కంటే ముందే పట్టేశాడు. ఆమె మొహం ముడుచుకుంది, దగ్గరికి వంగి చూసింది, పీకి మళ్లీ అతికించింది. తర్వాత రంగు, దాని మీద నీళ్లకి చెదరని వార్నిష్. వానలు పట్టుకోవడంతో పూత పూతకీ ఆరడం ఆలస్యమైంది. బాల్కనీలో వాన చూస్తూ కూర్చున్న ఇద్దరికీ అందులో ఏ పేచీ లేదు.

శనివారం ఆమె డబ్బాలు సర్దుకుంటుంటే, పడకగది తలుపు కూడా వెలిసినట్టుంది, ఒకసారి చూడమన్నాడు. ఆమె వెళ్లి చూసొచ్చి, అది నిక్షేపంలా ఉందంది.

"తలుపు బాగానే ఉందండీ. రేపట్నుంచి మీరు రారంటేనే బాగోలేదు," అన్నాడు నేలకేసి చూస్తూ.

ఆమె చేతిలో డబ్బా మూత ఎప్పుడో బిగిసింది. అయినా ఇంకా తిప్పుతూనే ఉంది.

"వస్తాను. బ్రష్‌లు మాత్రం తీసుకురాను."

ఆదివారం అమ్మ వచ్చేసరికి ఆ అమ్మాయి హాల్లో కూర్చుని ఉంది. పాలిష్ చేసింది ఈవిడేనని కొడుకు నసిగాడు. అమ్మ బాత్రూమ్‌లోకి వెళ్లి అన్నింటినీ చేత్తో తడిమి, కొత్తదేదో పాతదేదో తేల్చుకోలేక తిరిగొచ్చింది. అమ్మాయిని చూసింది. కొడుకుని చూసింది. వెళ్లి అమ్మాయి పక్కనే చతికిలబడింది.

"పని అయిపోయాక కూడా వచ్చావంటే మా వాడి అదృష్టమేనమ్మా. ఏరా, టీ అయినా ఇచ్చావా?"

ఇవ్వలేదు. మాస్టారు వంటింట్లోకి పరిగెత్తాడు. హాల్లో అమ్మ కొడుకు చిన్ననాటి వెధవ పనులన్నీ పూసగుచ్చినట్టు చెబుతోంది, ఆ అమ్మాయి పడీ పడీ నవ్వుతోంది. స్టవ్ మీద పాలు పొంగి గట్టంతా అయ్యాయి. స్టవ్ కట్టేసి, గుడ్డ చేత్తో పట్టుకుని, మాస్టారు అక్కడే నిలబడి మరికాసేపు ఆ నవ్వులు విన్నాడు.