మూడింట రెండు వంతులు

ఎన్నికల కమిషనర్ ఉదయం పదింటికి లిఫ్టు ఎక్కాడు. ఐదో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ప్రాణం లేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు.

పదిన్నరకి గూఢచారి సంస్థ చీఫ్, ఏజెంట్ పదకొండుని పిలిచాడు.

"విదేశీ ముఠా పని. ఓట్ల లెక్కింపు సర్వర్లో ఒక డివైస్ పెట్టారు. నాలుగింటికి ఫలితాలు లాక్ అయ్యే క్షణంలో ఇరవై సీట్లు అధికార పార్టీ అధినేత వైపు మారిపోతాయి."

"ఆయన ఎలాగూ గెలుస్తున్నాడుగా సార్?"

"గెలిస్తే చాలదు. మూడింట రెండు వంతులుంటేనే రాజ్యాంగం మార్చగలడు. కోర్టుల నోరు నొక్కేస్తానని, కమిషన్ని మూసేస్తానని సభల్లోనే చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు."

"డివైస్ ఎక్కడుంది?"

"మన మనిషి చెబుతుంది. ముఠాలో దుబాసీగా చేరింది. కోడ్, 'ఈ ఏసీ చల్లబడదా?' జవాబు, 'గ్యాస్ అయిపోయిందండీ.'"

మూడున్నరకి పదకొండు అతికించుకున్న మీసంతో, మెకానిక్ యూనిఫాంలో లెక్కింపు కేంద్రంలో అడుగుపెట్టాడు. ఎటు చూసినా కాగితాల కట్టలు, స్టాంపు ఇంకు వాసన. ఎర్రటి లిప్‌స్టిక్, నల్ల కళ్ళద్దాలతో ఒకామె ఎదురొచ్చింది.

"ఈ ఏసీ చల్లబడదా?"

"గ్యాస్ అయిపోయిందండీ."

ఆమె గొంతు తగ్గించింది. "సర్వర్ రూమ్, మూడో ర్యాక్, ఫ్యాన్ వెనక. ఇదిగో తాళంచెవి."

"ఎలా కొట్టేశావ్?"

"కొట్టేయడమెందుకు? మంత్రిగారి పీఏ కాఫీ ఇచ్చి మరీ ముఠా చేతిలో పెట్టాడు. వీళ్ళు తలుపులు పగలగొట్టి రాలేదు. మనవాళ్ళు పిలిస్తే వచ్చారు."

"మరి కమిషనర్ని చంపిన సూది?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. "నేనే మోసుకొచ్చాను. పెన్ను అన్నారు. నమ్మాను."

మూడు యాభై ఎనిమిది. పదకొండు ర్యాక్ తెరుస్తుండగా వెనకనుంచి ఒక చెయ్యి గొంతు బిగించింది. ముఠా టెక్నీషియన్. పదకొండు వాచీ బటన్ నొక్కాడు. షాక్ కొట్టి వాడు కూలబడ్డాడు. యాభై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిదో సెకనులో డివైస్ ఊడి చేతికొచ్చింది.

కమిషనర్ పోయాక బాధ్యతంతా ఉప కమిషనర్ మీద పడింది. యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ. పొద్దుటి నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ప్రతి ఫారం చేత్తో సరిచూసింది. పైనుంచి వచ్చిన ఫోన్లు ఎత్తలేదు. నాలుగుంపావుకి మైకు ముందు అసలు లెక్క చదివింది. అధినేత గెలిచాడు. మూడింట రెండు వంతులు రాలేదు. పదకొండు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆరింటికి లెక్కింపు కేంద్రం టీవీలో వార్త. ప్రతిపక్షం నుంచి గెలిచిన ఇరవై రెండు మంది గోడ దూకి అధినేత పార్టీలో చేరిపోయారు.

"ముఠా ఇరవయ్యే మార్చబోయింది," అంది దుబాసీ. నవ్వబోయింది గానీ చేతకాలేదు.

ఉప కమిషనర్‌కి బదిలీ ఉత్తర్వు అందింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టి ఫారాలు కట్టలు కడుతోంది.

"ఇంటికెళ్ళండి మేడమ్. అంతా అయిపోయింది," అన్నాడు పదకొండు.

"వీటిని ఐదేళ్ళు దాచాలని రూలు, బాబూ. ఆ రూలు ఉన్నన్నాళ్ళు దాస్తాను. ఆ దారం ఇటివ్వు."

అతను దారం అందించాడు. ఫోన్ మోగింది. చీఫ్.

"గోడ దూకినవాళ్ళకి ప్రాణభయం ఉందట. కాపలా డ్యూటీ నీకే వేశారు."

"ఎవరినుంచి సార్ భయం?"



"ఓటేసినవాళ్ళ నుంచి."