భవాని భుజం ఎత్తు

అడవుల చదువంటే చెట్టెక్కి పళ్లు కోసుకు తినడమే అనుకుని చేరినవాళ్లలో సాలూరు ధనరాజ్ ఒకడు. వాళ్ల నాన్నకి రెండు లారీలు. ఆ లారీల మీదికెక్కే సరుగుడు దుంగలు తప్ప చెట్ల గురించి వాడికి తెలిసింది బహు తక్కువ. అలాంటివాడు శ్రీకాకుళం దగ్గర ఫారెస్ట్రీ కాలేజీలో సీటు సంపాదించి, మొదటి ఫీల్డు క్లాసుకి కొత్త బూట్లు తొడుక్కుని చేతులూపుకుంటూ వచ్చాడు.

ఆ చేతులూపుకుంటూ రావడమే తప్పయింది.

"నీ కర్రేదోయ్?" అన్నారు మురళీమోహన్ సార్.

చెట్టు లావు ఎక్కడ పడితే అక్కడ కొలవకూడదు. మొదలు దగ్గర లావుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకని నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే ఛాతీ ఎత్తున, చుట్టూ టేపు వేసి కొలవాలి. ఆ ఎత్తుకి ఎవరి వెదురు కర్ర వాళ్లు కోసి తెచ్చుకోవాలని ఆ కాలేజీలో రివాజు.

"హాస్టల్లో మర్చిపోనాను సార్."

"కర్ర లేకుండా ఫీల్డుకి రావడమంటే స్టీరింగు లేకుండా లారీ తోలడమే. మీ సాలూర్లో అలాగే తోల్తారా?"

క్లాసంతా నవ్వింది. అందరి నవ్వూ ఆగాక కూడా ఒక నవ్వు మాత్రం ఆగలేదు. ధనరాజ్ అటు చూశాడు. టోపీ కింద బిగించి కట్టిన జడ, చేతిలో నున్నగా చెక్కిన వెదురు కర్ర. నెల్లిమర్ల పక్క పల్లెటూరి పిల్ల, పేరు దుర్గాభవాని.

"బాగా నవ్వొచ్చినట్టున్నాది కదా భవానీ, నువ్వూ వీడూ ఒక జట్టు. ఆ టేకు చెట్ల ప్లాటు మీది. ఏటా కొలవాలి, నాలుగో ఏడు రిపోర్టు ఇవ్వాలి," అన్నారు సార్.

ఆమె నవ్వు ఠక్కున ఆగింది.

ఇద్దరూ ప్లాటుకి వెళ్లారు. టేపు విప్పేలోగా ధనరాజ్ కంట గట్టు మీది నేరేడు చెట్టు పడింది. కొమ్మ చివర ఆఖరి పళ్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అమ్మాయిని కాస్త మంచి చేసుకోవచ్చని, ఆమె కర్రే తీసుకుని కొమ్మ మీద ఒక్కటిచ్చాడు. పళ్లు రాలలేదు. కర్ర మాత్రం రెండు ముక్కలై రాలింది.

"నా కర్ర ఇరగ్గొట్టీసావు!"

"పళ్లు నీకోసమే కదా..."

"నేనడిగేనేటి? మా నాన్న సెక్కిచ్చిన కర్ర అది. ఇప్పుడు దేంతో కొలుస్తావు, నీ తలకాయతోనా?"

సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. ధనరాజ్ రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి, నిలబెట్టి చూసుకుంటూ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ముక్కల పై అంచు భవాని భుజానికి సరిగ్గా తగులుతోంది.

"కదలకు."

"ఏటి?"

"నీ భుజం కర్రంత ఎత్తే ఉన్నాది. నువ్వు చెట్టు పక్కన నిలబడితే సాలు, నేను టేపు సుట్టీస్తాను."

భవాని తిట్టబోయి, వాన పెరుగుతుంటే వేరే దారి లేక చెట్టు పక్కన నిలబడింది. అంతా అయ్యాక సార్ వేరే కర్రతో ఎత్తు సరిచూసి పెద్దగా నవ్వేశారు. కొలత సరిపోయింది. "భవానీ, బూట్లు మాత్రం మార్చకు తల్లీ," అన్నారు.

ఆ రోజు నుంచి టేకు ప్లాటుకి భవాని భుజమే కర్ర అయింది. ప్రతి చెట్టు పక్కనా ఆమె నిలబడటం, ఆమె భుజం మీదుగా చూసి వాడు టేపు చుట్టడం. అంత దగ్గరగా నిలబడి ఎటు చూడాలో తెలియక ఆమె ఆకుల్ని చూసేది. వాడు అంకెలు చూస్తున్నట్టు నటించేవాడు. వెడల్పాటి టేకాకుల మీద ఆగిన వాననీళ్లు ఉన్నట్టుండి ఇద్దరి నెత్తినా పడేవి. ఒకసారి వాడు ఒకే చెట్టుకి వేర్వేరుగా రెండు అంకెలు చెప్పాడు.

"కళ్లు టేపు మీదున్నాయా, ఇంకెక్కడైనా ఉన్నాయా?" అంది భవాని.

"టేపు మీదే. టేపే నీ పక్కనున్నాది, నేనేటి సేసేది?"

ఆమె ఒక లేత టేకాకు తుంచి, వాడి అరచేతిలో పెట్టి గట్టిగా నలిపింది. అరచెయ్యంతా గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రబడింది. వాడు బావి దగ్గర కూర్చుని సబ్బు అరిగేదాకా తోమినా ఆ ఎరుపు రెండ్రోజులు పోలేదు. నిజం చెప్పాలంటే అంత గట్టిగా తోమనూ లేదు.

అలా మూడేళ్లు గడిచాయి. ధనరాజ్‌కి ఆమె మీద ప్రేమ పుట్టిందని కాలేజీలో అందరికీ తెలుసు, ఆమెకి చెప్పడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ చెయ్యకుండా వాడు ఇంకోటి చేశాడు.

మూడో ఏడు ప్లాట్లు చూడ్డానికి పెద్ద ఆఫీసరొకాయన వచ్చాడు. ఆయనకి వివరించాలని భవాని వారం ముందు నుంచీ తయారవుతోంది. ఏ మట్టిలో చెట్టు ఎలా పెరిగిందో అన్నీ నోటికి తెచ్చుకుంది. ఆయన వచ్చీ రాగానే, "ఈ అమ్మాయి ఏం చేస్తుంది?" అని అడిగాడు.

ధనరాజ్ ఉత్సాహం ఆపుకోలేక, "మా కొలత కర్ర సార్!" అన్నాడు.

అందరూ విరగబడి నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ధనరాజ్‌నే అడిగి, వాడి భుజం తట్టి వెళ్లిపోయాడు. భవాని నోరు తెరిచే వీలే లేకపోయింది.

"అడవుల సదువు ఆడపిల్లకేటని ఊరంతా అంటే మా నాన్నొక్కడే నా పక్క నిలబడ్డాడు," అంది ఆ సాయంత్రం. "మూడేళ్లు సదివి నేనేటయ్యాను? కర్రనయ్యాను."

క్షమించమని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మగపిల్లాడి పౌరుషం ఎప్పుడు పొడుచుకురావాలో తెలియకుండా పొడుచుకొస్తుంది. "జోకేసాను, దానికింతేటి? నీ భుజం లేకపోతే సెట్లు కొలవలేమేటి?" అన్నాడు.

"కొలుసుకో," అని భవాని వెళ్లిపోయింది. మర్నాటికల్లా క్లాసులో ఇంకో అమ్మాయి తులసితో జట్టు కట్టి సరుగుడు ప్లాటుకి మారిపోయింది.

నాలుగో ఏడు టేకు ప్లాటుకి ధనరాజ్ ఒక్కడే వెళ్లాడు. రూమ్మేటు అప్పలసూరి తన కర్ర ఇవ్వబోయాడు.

"ఒరే, తీస్కోరా. నీకేటి, పిచ్చా?"

"అక్కర్లేదురా. నాకు గుర్తున్నాది."

ప్రతి చెట్టు దగ్గరా ఆగాడు. కళ్లు మూసుకున్నాడు. టోపీ, జడ, భుజం. ఇక్కడ కదా అనుకుని అక్కడ టేపు చుట్టాడు. ఇది సైన్సు కాదని వాడికీ తెలుసు. అయినా ఆ కాసేపు ఆమె పక్కనే ఉన్నట్టుండేది, ఆ ఉండటం కోసమే ప్లాటంతా కొలిచేశాడు.

తొలకరి పడ్డాక వైవా పెట్టారు. ఆ రోజు పాతకాలపు ఫారెస్టు ఉద్యోగి ఒకరిని అతిథిగా పిలవడం కాలేజీకి అలవాటు. ఈసారి వచ్చినాయన రిటైరైన రేంజర్ గణపతిరావు, సాక్షాత్తూ భవాని నాన్న. తెల్ల మీసం, ఖాకీ సంచి, చేతిలో ఏళ్ల నాటి కర్ర.

"మా ట్రైనింగు రోజుల్లో ఇనప గొలుసూ దిక్సూసీ మోసుకుని కొండలెక్కీవోళ్లం. ఇప్పుడు జేబులో ఫోనే సెప్తాది ఎక్కడున్నావో. మంచిదే. కానీ కర్ర లేకుండా కనబడ్డామో, మా మాస్టారు గ్రౌండు సుట్టూ పరిగెత్తించీవోడు," అంటూ ఆయన ముందు వరసలో కూర్చున్నాడు.

ధనరాజ్ రిపోర్టు చదవడం మొదలుపెట్టాడు. తెర మీద గ్రాఫు పడింది. మూడేళ్లు చక్కగా పైకెక్కిన గీత నాలుగో ఏడు కిందికి జారింది.

మురళీమోహన్ సార్ కళ్లజోడు సవరించుకున్నారు. "చెట్లు చిక్కిపోయాయా ధనరాజ్? ఉపవాసాలున్నాయా?"

ఎవరూ నవ్వలేదు, సార్ గొంతు అలా ఉంది. "హాస్టల్లో కూర్చుని అంకెలు రాసేశావు కదూ? ఈ రిపోర్టు తీసుకోను. డిగ్రీ వచ్చే ఏడాది చూసుకో."

మూడో వరసలో భవాని తలెత్తింది.

"ఆగండి మాస్టారూ," అన్నాడు గణపతిరావు. "దొంగ లెక్క రాసినోడు సెట్టుని పెంచుతాడు గానీ తగ్గించడు. ఈ అబ్బి కొలిసేడు. ఎక్కడ కొలిసేడో అడగండి. బాబూ, నీ కర్రేది?"

"లేదండి."

"మరెలా కొలిసేవు?"

ధనరాజ్ మూడో వరస వైపు చూశాడు. నిజం చెప్తే డిగ్రీ మిగులుతుంది. కానీ ఇంతమందిలో, ఆమె నాన్న ఎదుట, ఆమెని మళ్లీ కర్రని చేసినట్టవుతుంది. ఒకసారి అలా చేసినందుకే ఆమె దూరమైంది.

"సెప్పలేనండి. తప్పు నాదే. ఏడాది ఉండిపోతాను," అన్నాడు తల దించుకుని.

అంతలో బెంచీ కిర్రుమంది. భవాని లేచి నిలబడింది.

"నేను సెప్తాను సార్. మొదటి మూడేళ్లూ నా భుజం ఎత్తుకి కొలిసాం, అది సరైన ఎత్తే, మీరే సూసారు. పోయినసారి నేను లేను. తను అందాజుగా కొలిసుంటాడు, కొంచెం పైన. పైన కొలిస్తే సెట్టు సన్నంగానే వస్తాది. అన్ని సెట్లూ ఒకేలా తగ్గాయి, కాబట్టి తప్పు ఒక్కటే. ప్లాటుకెళ్లి సూద్దాం సార్, తిరిగి కొలిస్తే సరైపోతాది."

ఆఫీసరొచ్చిన రోజు ఎవరూ విననిది ఈ గొంతే. ఇప్పుడు హాలంతా విన్నది. గణపతిరావు మీసం మీద చెయ్యేసుకున్నాడు, ఆ చేతి కింద ఆయన పొంగిపోతున్న సంగతి దాగలేదు.

అందరూ ప్లాటుకి నడిచారు. "ఎక్కడ సుట్టేవో సూపించు," అన్నాడు గణపతిరావు. ధనరాజ్ కళ్లు మూసుకుని ఒక చెట్టు మీద చెయ్యి పెట్టాడు. భవాని వెళ్లి ఆ చెట్టు పక్కన నిలబడింది. వాడి చెయ్యి ఆమె భుజానికి జానెడు పైన ఉంది. ఇంకో చెట్టు దగ్గరా అంతే. మరో చెట్టు దగ్గరా అంతే.

"నా కూతురు ఇంత పొడుగెప్పుడైనాది బాబూ?" అన్నాడు గణపతిరావు.

ధనరాజ్ కళ్లు తెరిచాడు. "నాకలాగే గుర్తున్నాది సార్," అన్నాడు మెల్లగా. "తను లేనప్పుడు తలుసుకుంటే... అంత ఎత్తునే కనిపించేది."

వెనకాల నుంచి అప్పలసూరి ఈలేశాడు. భవాని పక్కనున్న చెట్టు బెరడుని తదేకంగా పరీక్షించడం మొదలుపెట్టింది. ఆమె చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మురళీమోహన్ సార్ దగ్గి, "రేపు సాయంత్రానికి మొత్తం మళ్లీ కొలిచి ఇవ్వు. ఈసారి కర్రతో!" అని చెప్పి, నవ్వు కనపడకుండా వెనక్కి తిరిగారు.

గణపతిరావు వెళ్తూ వెళ్తూ ఆగాడు. "మీది సాలూరు కదూ? లారీలున్నాయన్నారు. మీ నాన్న నంబరియ్యి."

"ఎందుకు సార్?"

"సామాను మొయ్యడానికి లారీ కావల్సి రావచ్చు. ఇప్పుడే కాదులే. ముందు మా భవాని ఒప్పుకోవాలి. దాని ఉజ్జోగం, దాని ఇష్టం, అయ్యాకే మన మాటలు. అప్పటిదాకా సార్ అను. తరవాత మావా అందువు గాని."

మర్నాడు పొద్దున్నే ధనరాజ్ నున్నగా చెక్కిన కొత్త వెదురు కర్రతో ప్లాటుకొచ్చాడు. రాత్రంతా చెక్కినట్టు వేళ్ల నిండా గాట్లు. భవాని అప్పటికే టేపు పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చావు? నీది సరుగుడు ప్లాటు కదా."

"ఈ సెట్లు నావి కూడా. నీ సేతుల్లో పెడితే మళ్లీ ఉపవాసాలుంచుతావు."

"భవానీ," అన్నాడు. "ఆ రోజు నువ్వు సెప్పాల్సిందంతా నేను సెడగొట్టీసాను. క్షమించు. నువ్వంటే నాకు ప్రాణం. అది అప్పుడే సెప్పాల్సింది, జోకేసాను."

భవాని కర్ర తీసుకుని వాడి పక్కన నిలబెట్టింది. కర్ర అంచు చొక్కా రెండో గుండీ దగ్గరికొచ్చింది. అక్కడ వేలు పెట్టి, రెండో చేత్తో ఒక లేత టేకాకు తుంచి నలిపి, తెల్లచొక్కా మీద అడ్డంగా ఎర్రటి గీత గీసింది.

"కర్ర గట్టు మీద పెట్టు. ఇకనించి కర్రవి నువ్వు. సెట్టు పక్కన నిలబడు, కదలకు, నేను కొలుస్తాను."

"ఇది ఉతికినా పోదు, తెలుసా?"

"తెలిసే పూసాను," అంది భవాని.

సన్నటి జల్లు మొదలైంది. ఆమె మొదటి చెట్టుకి టేపు చుట్టి అంకె చదివింది. చెట్టు చిక్కలేదు, బాగానే పెరిగింది.