మామా అడిగిన సూరా

రొట్టెల వరుసలో రెండు గంటలు నిలబడి, ఎనిమిది ఖుబూస్‌లు కొంగులో చుట్టుకుని రెడ్డెమ్మ మూడో అంతస్తు ఎక్కేసరికి ఎండ అప్పుడే గోడల మీదికి వచ్చేసింది. ఖైతాన్‌లో ఆ సందు ఒకప్పుడు ఈ వేళకు తిరునాళ్ళలా ఉండేది. మంగలి అంగట్లో రేడియో, కింద టైలరు మిషను చప్పుడు, దజీజ్ గోడౌన్లకు పోయే వాళ్ళను యల్లా యల్లా అని తొందరపెట్టే పికప్పుల హారన్లు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి యాభై రోజులవుతోంది. ఇప్పుడు ఆ సందులో పిల్లి నడిచినా వినిపిస్తుంది.

లోపల కూతురు కళావతి చాప మీద బోర్లా పడుకుని కాలేజీ దరఖాస్తు నింపుతోంది. పదిహేడేళ్ళ పిల్ల. ఆగస్టు రెండో తేదీ నుంచి గడప దాటనివ్వలేదు ఆమెను. సూర్యుడు తగలక ముఖం పాలిపోయింది.

"లేయ్ మే, టీ తాగు. పాలపొడి అయిపోయింది, ఉత్త డికాషనే," అంది రెడ్డెమ్మ.

"ఉండు మా. ఈ ఒక్క గడి మిగిలింది."

ఆ దరఖాస్తు జూలైలోనే హైదరాబాదు నుంచి వచ్చింది. బొమ్మలు నేర్పే కాలేజీ. దాంతోపాటు ఇంకో కాగితం కూడా పంపారు. దళసరిది, తెల్లనిది, మూల మీద కాలేజీ ముద్ర వేసి ఉన్నది. ఇష్టమున్నవాళ్ళు ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ ముఖాన్ని ఆ కాగితం మీద గీసి జత చేయవచ్చట. చేయకపోయినా దరఖాస్తు తీసుకుంటారట. ముద్ర కాగితం మనిషికి ఒక్కటే, చెడిపోతే ఇంకొకటి ఇవ్వరు. చేర్చేందుకు ఆఖరు తేదీ అక్టోబరు పది.

కళావతి ఆ ఒక్క కాగితం మీద జాసిం ముఖం గీసింది.

జాసిం అంటే రెడ్డెమ్మ వంట చేసే ఇంటి కొడుకు. ఎగైలాలో ఇల్లు. అతని తండ్రే వీళ్ళకు పూచీ పడ్డ కఫీల్. ఆ పెద్దాయన సంతకం పెట్టబట్టే ముగ్గురికీ ఇఖామా, అంటే దేశంలో ఉండే అనుమతి, వచ్చింది, కళావతి కువైట్‌లో చదువుకోగలిగింది. యుద్ధం వచ్చేసరికి ఆయన పరదేశంలో చిక్కుకుపోయాడు. ఇంట్లో జాసిం, వాళ్ళమ్మ మిగిలారు. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళ వాడు జాసిం. కళావతిని చెల్లెలా అని పిలిచేవాడు. సాల్మియా నుంచి రంగు పెన్సిళ్ళ డబ్బా తెచ్చిచ్చింది అతనే. బొమ్మకు కూర్చోమంటే కూర్చున్నాడు గానీ ఒక్క నిమిషం కుదురుగా ఉంటేగా! పుచ్చగింజలు కొరుకుతూ, పొట్టు తివాచీ మీద ఉమ్ముతూ, వంటింట్లోంచి మామా అరుస్తుంటే నవ్వుతూ. ఆగస్టు నెలాఖరులో సైనికులు వచ్చి అతన్ని జీపులో ఎక్కించుకుపోయారు. మళ్ళీ జాడ లేదు.

రెడ్డెమ్మ ఖుబూస్‌లు పళ్ళెంలో పేరుస్తుండగా ఆమె మొగుడు రామసుబ్బయ్య వచ్చాడు. గోడౌన్‌లో స్టోరు చూస్తూ పికప్ నడిపేవాడు. గోడౌన్ లూటీ అయిపోయింది, పికప్ మటుకు మిగిలింది.

"మన పేర్లు వచ్చినాయి," అన్నాడు చెప్పులు విప్పుతూనే. "రేపు తెల్లారి అయిదింటికి బస్సు. బస్రా, బాగ్దాద్, ఆన్నుంచి జోర్డాన్. ఆడ ఇమానం ఎక్కిస్తారంట. మనిషికి ఒక్క సంచే."

రెడ్డెమ్మ చేతులెత్తి దండం పెట్టింది. రామసుబ్బయ్య గోడ వారగా ఉన్న మూడు సంచులనూ ఒకటొకటిగా చూస్తూ వచ్చి, కూతురి సంచిలో చేయి పెట్టి ఒక గొట్టం తీశాడు.

"ఇదేంది పాపా?"

"నా బొమ్మ నాయనా. దరఖాస్తుకు జత చేసేది."

ఆయన దాన్ని విప్పాడు.

"జాసిం!" గొంతు తగ్గించాడు. "మతి పోయిందా నీకు? ఆ పిల్లోడి సావాసగాళ్ళ కోసం ఊరంతా జల్లెడ పడతాండారు. నిన్న చెక్‌పోస్టు కాడ నా కండ్ల ముందర ఒక మలయాళపాయన సంచిలో వాళ్ళ కఫీల్ ఇంటి ఫోటో దొరికింది. దించేసినారు ఆయన్ను. భార్యా బిడ్డలు బస్సులోంచి చూస్తానే ఉండారు. బస్సు పోయింది, ఆయన ఆన్నే ఉండిపాయె."

"బొంతలో పెట్టి కుడతాలేయ్యా," అంది రెడ్డెమ్మ.

"బొంతలు గూడా కోసి చూస్తాండారు! దీన్ని చింపి పొయిలో పెట్టు."

కళావతి లేచి కాగితం అంచు పట్టుకుంది. తండ్రి వదల్లేదు. ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని, చిరిగిపోతుందేమోనని ఇద్దరూ లాగకుండా నిలబడ్డారు.

"జత చేయవచ్చు అని ఉండాది, చేయాల అని లేదని నువ్వే సదివి చెప్తివి గదా," అన్నాడు.

"నా మార్కులకు ఆ కాలేజోళ్ళు గేటు గూడా తీయరు నాయనా. నలబై తొమ్మిది లెక్కల్లో, యాబై రెండు సైన్సులో. ఈ బొమ్మ ఒక్కటి చూస్తేనే రమ్మంటారు. లేకుంటే నాకు ఏముండాది? ఊర్లో మిషను కుట్టుకుంటా కూర్చోవాల్నా?"

"బతికుంటే మిషనన్నా కుట్టుకుంటావు!"

"నీకు గోడౌన్ పోయిందని నా సదువు గూడా పోవాల్నా?"

ఆ మాటకు రామసుబ్బయ్య చేయి సడలింది. ముఖం తిప్పుకున్నాడు. "ఎంత మాటన్నావ్ మే నాయన్ను!" అని రెడ్డెమ్మ కూతురి భుజం మీద ఒక్కటి వేసింది. కళావతి ఏడవలేదు. బొమ్మను గుండెలకు ఆనించుకుని మూలన కూర్చుంది.

ఆ అరుపులకు ఎదురింటి రజియా బీ తలుపు తోసుకుని వచ్చింది. రాయచోటి మనిషి. పాఠశాలలో ఆయాగా చేసేది. ఆమె పేరు కూడా అదే బస్సుకు వచ్చింది.

"ఏందమ్మా, బస్సెక్కక ముందే కొట్లాటలా? ఆ జోర్డాన్ దాకా ఓపిక మిగుల్చుకోండి," అంటూ కూర్చోబోయి బొమ్మను చూసింది. "యా అల్లా! జాసిం బాబే! ఎంత బాగ గీసినావ్ బేటీ! గింజ పొట్టు గూడా పెదిమకు అంటుకోనుండాది." కొంగుతో కళ్ళొత్తుకుంది. "పాపం ఆ మామా. ఏం సదివినా ఊరుకోలే. సూరా సూరా అని ఒకటే ఏడుపు."

కళావతి తల ఎత్తింది. "ఏమని ఏడ్చింది?"

రెడ్డెమ్మ రజియాకు కనుసైగ చేసింది. ఈ సంగతి కూతురికి చెప్పలేదు ఆమె. చెపితే పిల్ల దిగులు పడుతుందని.

"చెప్పు అత్తా. ఏమని?"

ఇక దాచి లాభం లేదని రెడ్డెమ్మే చెప్పింది. మూడు రోజుల కిందట, పేర్లు ఎప్పుడొస్తాయోనని ముందే సెలవు తీసుకునేందుకు ఎగైలా పోతే మామా తన రెండు చేతులూ పట్టుకుంది. సూరా, జాసిం, సూరా అంది. మధ్యలో బింత్, బింత్ అని కూడా అంది. రెడ్డెమ్మకు వంటింటి అరబ్బీ తప్ప వేరే రాదు. కొడుకు కోసం ఖురాన్‌లో ఏదో సూరా, అంటే అధ్యాయం, చదివించమంటోంది కాబోలు అనుకుంది. వచ్చి రజియాను అడిగింది. రజియా మరుసటి రోజే స్నానం చేసి, ముసుగు వేసుకుని వెంట వెళ్ళింది.

"యాసీన్ సూరా సదివినా," అంది రజియా. "మా ఊర్లో ఎంత పెద్ద కష్టమొచ్చినా అదే సదువుతాం. నేను మొదలుపెట్టినానో లేదో, ఆయమ్మ కెవ్వుమని కింద పడిపాయె. లేపి నీళ్ళు తాపిస్తే, మళ్ళా సూరా అంటాది, లా లా, కాదు కాదు అని తల కొట్టుకుంటాది. దుఃఖానికి మతి చలించిందేమో అనుకుంటిమి."

కళావతి మూలలోంచి ముందుకు జరిగింది.

"అత్తా, సూరా అంటే ఫోటో. ఇక్కడోళ్ళు ఫోటోను, బొమ్మను అట్లే అంటారు. మన సందు చివర స్టూడియో బోర్డు మీద గూడా అదే ఉంటాది. నువ్వు చదివే సూరా వేరే. పలికేటప్పుడు మనకు రెండూ ఒకటే లాగ వినిపిస్తాయి." తల్లి వైపు తిరిగింది. "బింత్ అంటే కూతురు. నీ కూతురు గీసిన జాసిం బొమ్మ ఇయ్యమని అడిగింది మా, ఆయమ్మ."

రెడ్డెమ్మకు పెరట్లో మంట గుర్తొచ్చింది.

సైనికులు వచ్చిన మొదటి వారమే మామా ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ కాల్చేసింది. ఫోటోలు పట్టుకుని వాళ్ళు మనుషులను గుర్తుపడుతున్నారని ఎవరో చెప్పారు. పెళ్ళి ఫోటోలు, జాసిం పసిపిల్లవాడప్పటివి, బడి గుంపు ఫోటోలు. ఒక్కొక్కటిగా పెరట్లో మంటలో వేస్తుంటే పక్కన నిలబడి బూడిద ఎత్తింది రెడ్డెమ్మే. అప్పుడు కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, ఫోటోలతో పనేముంది అనుకుంది ఆ తల్లి.

"యాసీన్ విని, వీళ్ళకు నా కొడుకు చావు కబురు తెలిసిందనుకునింటాది," అంది రజియా నెమ్మదిగా. "పోయేటోళ్ళ తలాపున, పోయినోళ్ళకు అదే సదువుతారు." ఇంక ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఒరిగింది. "ఎంత పాపం చేస్తినమ్మా!"

"నువ్వేం జేసినావ్ వదినా, నేను గదా నిన్ను పిలుచుకోని పొయ్యింది," అంటూ రెడ్డెమ్మ ఆమె పక్కనే కూలబడింది. "మూడు దినాలు! నోరు తెరిచి అడిగింది. ఇంట్లో పెట్టుకోని గూడా నేను ఇయ్యలేకపోతి."

రామసుబ్బయ్య కూతురి పక్కన కూర్చున్నాడు. "పాపా, ఇంగో కాగితం మీద గీసిస్తే సరిపోదా? నీది నీకుంటాది, ఆయమ్మదీ ఆయమ్మకుంటాది."

పొద్దున చింపెయ్యమన్న మనిషి ఆ మాట అనడంతో కళావతికి తండ్రిని చూసే ధైర్యం చాలలేదు. క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు తిప్పి, పెన్సిలు తీసుకుంది. ముక్కు వచ్చింది. కనుబొమలు వచ్చాయి. అంతా సరిగ్గానే ఉంది, ఎవరో తెలియని మనిషిలా ఉంది. మళ్ళీ గీసింది. మళ్ళీ అంతే.

"రాలేదు నాయనా. అప్పుడు ఎదురుగా ఉన్నాడు. వాళ్ళమ్మ తిడతా ఉంటే నవ్వుతా ఉన్నాడు. ఇప్పుడు ఎవర్ని చూసి గీసేది?"

ముద్ర కాగితాన్ని ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. మూల మీద గుండ్రటి నీలం ముద్ర. ఆ ముద్ర మీద వేలు పెట్టి అదిమింది, పిల్లలు అట్లాగే చేస్తారు ఏదైనా వదులుకునే ముందు. తర్వాత లేచింది.

"పోదాం పా నాయనా. పొద్దు వాలకముందే."

"నేనొక్కణ్ణే పోయిస్తా."

"నేనే ఇయ్యాల."

రామసుబ్బయ్య కాదనలేదు. పళ్ళెంలోని ఎనిమిది ఖుబూస్‌లు తీసి, అయిదో దాని కింద బొమ్మను పరిచి, మిగిలిన మూడూ దాని కింద చేర్చి గుడ్డలో మూట కట్టాడు. పెద్ద రొట్టెలు కావడంతో అంచులు బయటికి కనపడలేదు. మూటను తన ఒళ్ళోనే పెట్టుకుని పికప్ నడిపాడు. పక్కన తల్లీ కూతుళ్ళు.

చెక్‌పోస్టు దగ్గర సైనికుడు మీసాలు కూడా సరిగా రాని వాడు. ఎండకు పెదవులు పగిలి ఉన్నాయి. మూట విప్పమన్నాడు. పై రొట్టె తీసుకున్నాడు. రెండోది. మూడోది తన తోటివాడికిచ్చాడు. నాలుగోది తీసి చంకలో పెట్టుకున్నాడు. అయిదోదాని మీద వేళ్ళు ఆనాయి. ఆ పిల్లవాడు రెడ్డెమ్మ ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, చేయి వెనక్కి తీసుకుని యల్లా అన్నాడు.

ఇంట్లో మామా హాల్లో నేల మీద కూర్చుని ఉంది. వీళ్ళను చూసి లేవలేదు. ఇంకే చావు కబురు మోసుకొచ్చారో అన్నట్టు చూసింది. కళావతి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రొట్టెలు పక్కకు తీసి, కాగితం చేతికిచ్చింది.

"సూరా, మామా," అంది.

మామా చాలాసేపు చూసింది. చేయి పైకి లేచి బొమ్మలోని పెదవి దగ్గర ఆగింది. అక్కడ పుచ్చగింజ పొట్టు ఉంది. వేలితో దాన్ని తీయబోయింది. రాలేదు. నల్ల ముసుగు అంచు తీసి, చిన్నపిల్లవాడి మూతి తుడిచినట్టు, మెల్లగా తుడిచింది. అదీ రాకపోయేసరికి నోరు తెరిచి, ఎప్పుడూ అతన్ని తిట్టే మాటనే మెల్లగా అంది. అప్పుడు ఏడ్చింది, యాభై రోజులకు సరిపడా.

కొంతసేపటికి రెడ్డెమ్మ వైపు తిరిగి ఒక్క మాట అడిగింది. "మాత్?" చనిపోయాడా అని.

రెడ్డెమ్మ ఆమె పాదాల దగ్గరికి జరిగింది. "లా మామా. తెలియక సదివించినాము. మాకేం కబురు రాలేదు. మా అద్రీ. వల్లా, మా అద్రీ." తెలియదు, దేవుడి మీద ఒట్టు, తెలియదు. ఆ తెలియదు అన్న మాటను పట్టుకుని మామా రెడ్డెమ్మ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. రెండు రోజులుగా చచ్చిపోయిన కొడుకు మళ్ళీ తప్పిపోయినవాడయ్యాడు ఆమెకు.

మరునాడు తెల్లవారి బస్సు కదిలింది. నలభై మంది ఎక్కాల్సిన బస్సులో తొంభై మంది. రజియా బీ ఒళ్ళో ఎవరిదో బిడ్డ. రామసుబ్బయ్య నిలబడే ఉన్నాడు, కూతురి నెత్తి మీద చేయి వేసి. నిన్నటి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేకపోయింది, ఆ చేయి అక్కడే ఉంది.

కళావతి మోకాలి మీద దరఖాస్తు పెట్టుకుని మిగిలిన ఆ ఒక్క గడి నింపింది. జతపత్రం చేర్చారా, అవునా కాదా అని ఉంది అందులో. అవునూ కొట్టలేదు, కాదూ కొట్టలేదు. పక్కన ఉన్న కాస్త జాగాలో తెలుగులో ఏదో రాసింది.

ఆ కాలేజీలో సీటు రాలేదు. జాసిం కబురూ ఎన్నటికీ తెలియలేదు. కానీ ఆ పొద్దున బస్సులో అవేవీ ఎవరికీ తెలియవు.

"ఏం రాసినావ్ మే?" అంది రెడ్డెమ్మ. ఆమెకు చదువు రాదు.

"బొమ్మ వాళ్ళ అమ్మ దగ్గర ఉంది అని."

రెడ్డెమ్మ కాగితం మీదికి వంగింది. "దీంట్లో అమ్మ అనేది యాడుండాది?"

కళావతి చూపించింది. రెడ్డెమ్మ ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి, బస్సు ఎంత కుదిపినా తీయకుండా, సరిహద్దు దాకా అట్లాగే పట్టుకుని కూర్చుంది.