బేసు మాస్టారి కోటు

పొద్దున్నే కాఫీ తాగి బేసు మాస్టారు నడకకి వెళ్ళగానే, ఆయన భార్య బీరువాలోంచి ఆయన నీలం కోటు తీసి కుట్టుబల్ల మీద పరిచింది. కుట్లు విప్పే చిన్న కత్తెర చేతిలోకి తీసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా కుట్టుపనిలో తలమునకలైన మనిషికి ఆ పూట చెయ్యి ఆడలేదు.

ఆ కోటు సంగతి కాస్త చెప్పాలి. అందరికీ తెలిసిన ఆ పెద్ద గాయని వెనక వాయించే బృందానికి మొదటినుంచీ ఒక పద్ధతుంది. ఎవరు వెళ్ళిపోయినా కొత్తవాళ్ళకి కొత్త కోటు కుట్టించరు. వెళ్ళినవాళ్ళ కోటునే విప్పి, వచ్చినవాళ్ళ కొలతలకి సరిచేస్తారు. ఆ పని మాస్టారి భార్యదే. ఎవరు తొడుక్కుంటే వాళ్ళ గుర్తుగా కాలరు లోపల ఒక రంగు దారంతో చిన్న కుట్టు వేస్తుంది. డ్రమ్ముల కోటుకి ఆరు కుట్లు. కీబోర్డు కోటుకి నాలుగు. వేణువు కోటునైతే లావుపాటి ఆయన నుంచి బక్కపలచటి ఆయనకి తగ్గించి, ఏడాది తిరక్కుండా మళ్ళీ ఇంకో లావుపాటి ఆయనకి పెంచాల్సి వచ్చింది. అప్పుడు ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే బాగుండదు. బేసు గిటారు కోటుకి మాత్రం ఒకే ఒక్క ఎర్ర కుట్టు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ వేదిక మీద మారనిది ఇద్దరే: పాడే ఆవిడా, ఈయనా.

నిన్న సాయంత్రం గాయని ఫోన్ చేసింది. మాస్టారు ఆవిడని అక్కా అంటాడు కాబట్టి ఈవిడకి వదిన.

"మరదలా, వచ్చే కచేరీకి వాడి కోటు చిట్టి కొలతలకి సరిచెయ్యవే."

"మీ తమ్ముడికి చెప్పారా వదినా?"

"నోరు రావట్లేదే. వేలమంది ముందు పాడతాను గానీ, వాడి మొహం చూసి ఈ మాట అనలేను. నువ్వే ఎలాగో చెప్పు."

"బాగుంది వరస! కట్టుకున్న పాపానికి నేనా?" అని ఫోన్ పెట్టేసింది గానీ, ఆవిడకీ నోరు రాలేదు. చిట్టి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. బేసు తండ్రి దగ్గరే నేర్చుకుని రికార్డింగులకి వాయిస్తోంది.

కుడి భుజం విప్పడం అయింది. ఎడమది విప్పుతుండగా తలుపు చప్పుడైంది. చినుకులు పడటంతో మాస్టారు సగం దారిలోనే వెనక్కి వచ్చేశాడు.

"ఈసారి ఎవరిదే పాపం?" అన్నాడు తల తుడుచుకుంటూ. ఆ బల్ల మీద కోటు కనిపించినప్పుడల్లా ఆయన అనే మాటే అది. దగ్గరికొచ్చాక, మోచేతి దగ్గర ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ కనిపించింది. ఆ మచ్చ చేసిన ఘనుడు ఆయనే.

"ఇది నాదే కదే!"

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది.

"అక్క నాతో ఒక్క మాట చెప్పలేకపోయిందా? నువ్వూ నా వెనకాల నా కోటు విప్పుతావా? నా వేళ్ళకేమొచ్చింది?"

ఆ అరుపుకి పక్కగదిలోంచి చిట్టి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, మొదలుపెట్టేశావా? నాకొద్దని అత్తకి చెప్పేశాను కదా! నాన్న ఉండగా నేనేంటి?"

"ఓహో, కొత్త మనిషివి నువ్వా!" మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలియంది నాకే."

ఆవిడకి కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి. "వేళ్ళకేమొచ్చిందా? రోజూ మీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు?"

"నువ్వే. ఏదో ముద్దుగా పెడుతున్నావనుకున్నా."

"సంబడం! మరి కచేరీ రోజున ఈ కోటు గుండీలు?"

"అవి నేనే పెట్టుకుంటాను."

"అయితే చూడండి." కోటు ముందుభాగం ఆయన ఒళ్ళో పెట్టింది. పైకి ఇత్తడి గుండీలే. కానీ కాజాలు కుట్టి మూసేసి, వాటి మీదే గుండీలు బిగించి, వెనకాల టిచ్ బటన్లు పెట్టింది ఆవిడ. బొటనవేలితో అదిమితే చాలు, టక్కున అతుక్కుంటాయి. ఆయనేమో కాజాలు వదులై గుండీలు తేలిగ్గా పడుతున్నాయనే అనుకున్నాడు.

"ఎప్పుడు చేశావే ఇది?"

"పోయినేడు మేకప్ గదిలో పై గుండీ పట్టక, ఉక్కగా ఉందని వదిలేశారే, ఆ మర్నాడు."

మాస్టారు ఒక టిచ్ బటన్ అదిమాడు, విప్పాడు, మళ్ళీ అదిమాడు. "నా వేళ్ళ సంగతి అక్కకీ తెలుసా?"

చిట్టి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "జోరు పాటలో నీ ముక్క కీబోర్డుకి ఇచ్చింది చూడు నాన్నా. కొత్తగా ఉంటుందని కాదు. నీకు కష్టమవుతోందని."

మాస్టారు ఉన్నట్టుండి నవ్వేశాడు. "దొంగది! నేనేమో ఆవిడకి పై స్వరం అందట్లేదని, తెలియకుండా బృందం చేత రెండుసార్లు శ్రుతి దింపించాను."

"తెలియకపోవడమేంటి? 'మీ నాన్న నా పరువు కాపాడుతున్నాడు, నేను ఏమీ ఎరగనట్టు పాడుతున్నాను' అని నాతో అంది."

నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారు లేచి బల్ల మీద టేపు అందుకున్నాడు. "ఇలా రా చిట్టీ. తిరుగు."

"నువ్వు బాధపడుతూ ఇస్తే నాకొద్దు నాన్నా."

"బాధగానే ఉంది, లేదంటే నమ్ముతావా? ఇంకెవరైనా తొడుక్కుంటే ఇంకా బాధ." టేపు ఒకసారి వేళ్ళలోంచి జారింది. భార్య సాయానికి వెళ్ళలేదు. ఆయనే పట్టుకున్నాడు. "భుజం పదిహేనున్నర, రాసుకోవే. చిట్టీ, విను. నెమ్మది పాటలో చివరి చరణం ముందు అత్తకి ఊపిరందదు. ఆవిడ ఎడమ భుజం దిగేదాకా నువ్వు ఆగు. అది ఏ పుస్తకంలోనూ ఉండదు."

తర్వాత ఫోన్ అందుకున్నాడు. "అక్కా, కోటు మధ్యాహ్నానికల్లా అయిపోతుంది."

అవతల కాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "కోపంగా ఉన్నావట్రా?"

"ఉన్నాను. సాయంత్రం వచ్చి తిట్లు తిని, భోంచేసి వెళ్ళు."

మధ్యాహ్నానికి కోటు తయారైంది. కాలరు లోపల ఎర్ర కుట్టు పక్కన ఆకుపచ్చ కుట్టు పడింది. మాస్టారు పక్కనే కూర్చుని, "ఆ టిచ్ బటన్లు పీకేసి కాజాలు తెరువు. దాని వేళ్ళు బాగానే ఉన్నాయిగా" అన్నాడు.

ఆవిడ ఒక్కొక్కటే ఊడదీసి డబ్బాలో వేసింది. "ఇవి మీ చొక్కాలకి పెడతాను. ఇకనుంచి మీ అంతట మీరే పెట్టుకోవచ్చు."

మాస్టారు డబ్బా మూత పెట్టేసి పక్కకి జరిపాడు.

"చొక్కాలకి వద్దులే. వాటి గుండీలు నువ్వే పెట్టు."